మొదటి రేక

ఆయన పేరు రాయను. బతికినన్నాళ్లూ ఆయనకు వచ్చిన పేరు చాలు. చండ్రుగొండ నుంచి భద్రాచలం అవతలి అడవి దాకా ఏ తాటివనంలో అడిగినా ఆయన సంగతి చెప్తారు. నా సంగతి ఎవరూ చెప్పరు. చెప్పినా "ఆయనతో వచ్చే సారు" అంటారు. పద్నాలుగేళ్లు ఆయన పక్కన కూర్చొని కల్లు తాగి నేను సంపాదించుకున్న బిరుదు అది.

మొన్న స్కూటరు సర్వీసింగుకు ఇద్దామని డిక్కీ ఖాళీ చేస్తుంటే అడుగున ఒక ఎండిన రేక దొరికింది. లేత తాటాకును దోనెలాగా మడిచి కొసను ముడి వేస్తే రేక. మా వైపు వనాల్లో కల్లు తాగేది అందులోనే. తాగిన రేకను అందరూ అక్కడే పారేస్తారు. ఆయన మాత్రం మడిచి నా డిక్కీలో పెట్టేవాడు.

"అక్కడ పడెయ్యరాదే అన్నా, బండంతా పులిసిన వాసనొస్తుంది" అనేవాణ్ని.

"చెట్టు ఇచ్చింది సారూ, తొవ్వల ఎట్ల పారేస్తం?" అనేవాడు.

ఇంటికి పోయాక వాటిని ఏం చేసేవాడో నేనెప్పుడూ అడగలేదు. ఇదొక్కటి తీసుకోవడం మర్చిపోయినట్టున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఏ వాసనా లేదు. ఆయన పోయి నాలుగు నెలలైంది. ఇది సంతాపం రాస్తున్నాననుకునేరు. కాదు. నాకు ఆయనంటే కుళ్లు. మనిషి పోయాడు గాని అది ఇంకా పోలేదు.

నేను వ్యవసాయ శాఖలో మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లమ్మట తిరిగి చేలల్లో మట్టి తీసి, సంచుల్లో కట్టి, ఖమ్మం తెచ్చి పరీక్ష చేయడం నా పని. ఆయన మా ఆఫీసు జీపు డ్రైవరు. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. పొట్టి మనిషి. ఆదివారం కూడా ఖాకీ చొక్కానే. బీడీ ముట్టడు, పాన్ నమలడు. శనివారం సాయంత్రం నుంచి ఉల్లిగడ్డ కూడా తినడు. ఎందుకు అంటే "నాలికె మీద నిన్నటి సంగతి ఉండొద్దు సారూ" అనేవాడు. అప్పటికింకా ఆ నాలుక ఎంతటిదో నాకు తెలియదు.

అది తెలిసింది చండ్రుగొండ దగ్గర. ఒకరోజు పొద్దున ఆ చుట్టుపక్కల మట్టి నమూనాలు తీసి జీపు దగ్గరికి వస్తే ఆయన కనబడలేదు. పక్కనే తాటివనం. అందులో చెట్టు కింద గొంతుకూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఒక గౌడన్న, చెట్టెక్కే మోకు ఇంకా నడుముకే ఉంది, లొట్టి వంచి రేకలో కల్లు పోస్తున్నాడు. నేను వెళ్లేసరికి ఆయన రెండు కళ్లూ మూసుకున్నాడు. ఒక్కటే గుక్క. బండి నడిపే రోజు ఆయనకు అంతే. మింగాక ఎడమ చెవి తమ్మె పట్టుకొని కొంచెంసేపు కిందికి లాగాడు. తర్వాత కళ్లు తెరిచి అన్నాడు.

"రెండు చెట్లది కలిపినవు. ఒకటి వాగొడ్డుది, ఇంకోటి బండ మీదిది."

గౌడన్న నోరు తెరిచాడు. "అవ్ డ్రైవరన్నా! పొద్దుగాల ఒక లొట్టి పగిలింది, మిగిలింది దీంట్ల వంపిన. నువ్వెట్ల పట్టినవే?"

"వాగొడ్డుది ముందుగాల వచ్చింది. బండ మీదిది ఎనక వచ్చింది."

నా చేతిలో రెండు సంచులున్నాయి. ఒక దాంట్లో వాగొడ్డు ఇసుక నేల, ఇంకో దాంట్లో బండ పక్క ఎర్ర గరప నేల. పొద్దుటి నుంచీ ఆ రెండు నేలల తేడా గురించి నేను రైతులకు ఉపన్యాసం ఇస్తున్నాను. అదే కల్లు నేనూ తాగాను. "బాగుంది" అన్నాను. గౌడన్న నా వైపు చూసి మర్యాదగా తలూపాడు, మళ్లీ ఆయన వైపు తిరిగాడు. కుళ్లు మొదలైంది ఆ నిమిషానే. ఎమ్మెస్సీ చదివింది నేను, నేల గుట్టు నాలుకతో చెప్పింది డ్రైవరు.

ఆ తర్వాత నేనే వెంటపడ్డాను. ఆదివారం వస్తే ఇద్దరం బయల్దేరేవాళ్లం. ఆదివారం బండి నాది. నడిపేది నేను, వెనక దర్జాగా కూర్చునేది ఆయన. వారం రోజులు నన్ను తిప్పినందుకు ఏడో రోజు నాతో తిప్పించుకుంటున్నాడని ఆఫీసులో నవ్వుకునేవారు. పొద్దున తాగి, మధ్యాహ్నం దాకా చెట్ల కింద పడుకొని, మత్తు పూర్తిగా దిగాకే తిరిగి వచ్చేవాళ్లం. ఒక వారం బోనకల్, ఒక వారం కుసుమంచి, ఒక వారం అడవి వైపు. చలికాలం ఈతకల్లు, ఆ తర్వాత ఎండలు ముదిరేదాకా తాటికల్లు.

నేను ఒక నోటుబుక్కు పెట్టాను. గీతలు గీసి గడులు చేశాను. ఊరు, నేల, చెట్టు, తీపి, పులుపు, నురగ, కూర్చొని కల్లు తాగే మండువ ఎలా ఉంది. పదికి ఇన్ని అని మార్కులు. బోనకల్ దగ్గర మా అత్తగారి ఊరి మండువకు ఎప్పుడూ ఎక్కువ మార్కులే పడేవి. నల్లరేగడి నేల, చిక్కటి కల్లు. మండువకు రేకుల షెడ్డు ఉంది, సిమెంటు బెంచీలున్నాయి, పళ్లెంలో ఉడికించిన శనగ గుడాలు పెడతారు. పక్కనుంచి రైలు పోతే లొట్లు కొంచెం అదురుతాయి. కుసుమంచి వైపు మండువలో బండల మీద కూర్చోవాలి గాని, అక్కడ చేపలు వేయించే అవ్వ చేతికి వేరే మార్కులు ఇచ్చాను. చండ్రుగొండ వనంలో ఏమీ లేదు. కింద రాలిన మట్టలు, పైన పచ్చి మట్టలు, నంజుకోవడానికి మనం తీసుకుపోయిందే. మండువ గడిలో రెండు మార్కులు వేశాను.

ఆయన ఏదీ రాసుకునేవాడు కాదు. చెవి తమ్మె లాగి ఒక మాట అనేవాడు. బోనకల్ కల్లు తాగి "ఇది సదువుకున్న కల్లు సారూ, మాట్లాడే ముందల దగ్గుద్ది" అన్నాడు. మా అత్తగారి ఊరు కదా అని నాకు కోపం వచ్చింది. కాని గుక్క దిగాక గొంతులో అది నిజంగానే సన్నగా గీరింది. కుసుమంచిది తాగి "పెండ్లికొచ్చిన మేనమామ. వచ్చుడు వచ్చుడే లొల్లి, తిన్నంక నిద్రబోతడు" అన్నాడు. చండ్రుగొండది తాగి మాత్రం చెట్టుకు ఆనుకున్నాడు. నేనే అడిగితే, "ఇది ఏం అడగది. పక్కన కూసుంటది" అన్నాడు.

మండువలో ఉన్నవాళ్లందరూ ఆ మాటలు పట్టుకొని పోయేవారు. మళ్లీ వారం వెళ్తే ఎవరో ఒకరు "ఏందే, మేనమామ దిగిండా?" అని లొట్టి చూపించి నవ్వేవారు. నా ఏడున్నర మార్కుల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ చెప్తున్నాను. ఇంటికి వచ్చాక నా మార్కులు కొట్టేసి ఆ గడిలో ఆయన మాట రాసుకునేవాణ్ని. నోటుబుక్కు ఇప్పుడు తిరగేస్తే సగం ఆయనే ఉన్నాడు.

ఒకసారి భద్రాచలం దాటి, గోదావరి అవతల అడవిలో ఒక కోయగూడేనికి వెళ్లాం. జీలుగు కల్లు కోసం. ఆయన ఎప్పుడో జీపులో ఆ ఊరి పెద్దాయన్ను దవాఖానాకు తీసుకుపోయాడట, ఆ పరిచయం. జీలుగు చెట్టు కింద ఏడెనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారు. పెద్దాయన సొరకాయ బుర్రతో వరసగా పోస్తున్నాడు. మాకూ పోశాడు. మా డ్రైవరన్న తాగే ముందు పక్కవాళ్లను చూసి నేల మీద రెండు చుక్కలు వదిలాడు. నేను అది గమనించలేదు, ఎందుకంటే అప్పటికే నోటుబుక్కు తీశాను. ఊరి ఇంకో కొసన ఉన్న చెట్టు కల్లు అంతకు ముందే రుచి చూశాం. అది తీపి ఎక్కువ.

"దానికి ఎనిమిది ఇచ్చాను. దీనికి ఆరున్నర" అన్నాను, గట్టిగానే. పెద్దాయన సంతోషిస్తాడనుకున్నాను. ఎవరైనా వచ్చి మార్కులు వేయడమంటే గౌరవమే కదా.

మాట్లాడుతున్నవాళ్లు ఆగిపోయారు. పెద్దాయన సొరకాయ బుర్ర మూతికి ఆకు పెట్టి పక్కన పెట్టాడు. "ఈ చెట్టు కింద కూసోని ఆ చెట్టు మాట మాట్లాడొద్దు" అన్నాడు, కోపంగా కాదు, పిల్లవాడికి చెప్పినట్టు. "మా ఇంట్ల గంతే. ఇది మా తాత పేరు మీది చెట్టు. మన మాట ఇంటది."

నా పక్కనుంచి ఆయన చెయ్యి చాపి నోటుబుక్కు మూశాడు. పెద్దాయన మొహం వంక చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. కొంతసేపటికి పెద్దాయన వాళ్ల భాషలో ఏదో అన్నాడు. ఆయన నవ్వి తలూపాడు. అంతా నవ్వారు. బుర్ర మీది ఆకు తీశారు. మళ్లీ వరస మొదలైంది. ఆయనకు పోశారు, పక్కవాళ్లకు పోశారు, నన్ను దాటేశారు.

తిరిగి వస్తూ స్కూటరు మీద అడిగాను. "ఏమన్నాడు అన్నా పెద్దాయన?"

"నాకేం తెలుసు సారూ. నాకు వాళ్ల బాస వస్తదా?"

"మరి నవ్వినవ్ కదా?"

"ఆయన మొహం నవ్వనీకి వచ్చింది. నేను జర ముందల నవ్విన."

మనుషులు ఆయనకే ఎందుకు పోస్తారో నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆయన నాలుక ఆయనకు పుట్టుకతో వచ్చింది, సరే, ఒప్పుకుంటాను. కాని ఆ గుండ్రంలో కూర్చునే చోటు కూడా పుట్టుకతోనే ఇస్తే ఇక నాబోటివాళ్లం ఏం చెయ్యాలి? ఆ మాట ఆయనతో అనలేక బండి వేగం పెంచాను. "మెల్లగ సారూ" అని నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి కూడా నచ్చలేదు.

చండ్రుగొండ వనంలో ఒక ఆనవాయితీ ఉంది. సీజను మొదట్లో గౌడన్న కొత్తగా కత్తి పెట్టిన చెట్ల కల్లును దేనికది వేరు లొట్లలో దించుతాడు. తను నమ్మిన ఒక మనిషిని పిలిచి రుచి చూపిస్తాడు. ఏ చెట్టు బాగా పారుతుంది, ఏ చెట్టు అలిసిపోయింది, దేనికి ఈ ఏడు కత్తి ఆపాలి అని ఆ మనిషి చెప్పాలి. అలిసిన చెట్టును పట్టుబట్టి గీస్తే మొవ్వు ఎండి చెట్టే పోతుంది. మంచి చెట్టును ఊరికే ఆపితే ఆ ఏడు గౌడన్న కడుపు మాడుతుంది. కాబట్టి ఆ మాట ఆషామాషీగా అనేది కాదు. ఆ మనిషికి ఇచ్చేది మొదటి రేక. అది ఆయన తాగేదాకా ఇంకెవరూ ముట్టరు.

నాకు ఆ మొదటి రేక కావాలి. చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది గాని, ప్రమోషను కోసం కూడా నేను అంత ఆశపడలేదు. వనం మధ్యలో నిలబడి ఒక చెట్టు వైపు వేలు చూపించి "దీన్ని ఆపు" అంటే, మోకు భుజాన వేసుకున్న మనిషి ఆ మాట విని ఆగాలి. అంతే. ఏటా ఆ రేక ఆయన చేతికే పోయేది. ఏటా నేను పక్కన కూర్చొని గుటకలు మింగేవాణ్ని.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆయనకూ వచ్చింది. పదిహేను రోజులు దవాఖానాలో ఉన్నాడు. బయటికి వచ్చాక బాగా చిక్కిపోయాడు. మళ్లీ సీజను మొదలైనప్పుడు చండ్రుగొండ తీసుకుపోయాను. గౌడన్న మొదటి రేక ఆయన చేతికిచ్చాడు. ఆయన దాన్ని నా వైపు చాపాడు.

"ముందు మీరు తాగుర్రి సారూ."

రెండు చేతులతో అందుకున్నాను. ఇన్నేళ్లకు నా విలువ తెలిసిందనుకున్నాను. కళ్లు మూసుకొని తాగాను. తెరిచేసరికి ఆయన నా వంకే చూస్తున్నాడు. తర్వాత తనూ ఒక గుక్క తాగి, చెవి తమ్మె లాగి, గౌడన్నతో "దీన్ని పారనీ. మంచిగున్నది" అన్నాడు. ఇట్లా ఒక్కొక్క లొట్టి. ముందు నేను, తర్వాత ఆయన, చివరకు మాట మాత్రం ఆయనదే. రేక నాది, తీర్పు ఆయనది. ఇది ఇంకా పెద్ద అవమానం అనిపించింది. పెద్దరికం చూపిస్తున్నాడు, నాకు ముందు పోయించి నా ముందే నన్ను దాటిపోతున్నాడు అనుకున్నాను.

అప్పటి నుంచి ఆయనలో రెండు మార్పులు చూశాను. తాగేటప్పుడు కళ్లు మూసుకోవడం మానేశాడు. శనివారం నాడు ఉల్లిగడ్డ తినడం మొదలుపెట్టాడు. ముసలితనం, పొగరు అని వాటికి పేర్లు పెట్టుకున్నాను.

పోయిన ఏడు ఇక ఆగలేకపోయాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆయన తప్పు చెప్తే చూడాలనిపించింది. తెల్లవారకముందే బోనకల్ వెళ్లి మా అత్తగారి ఊరి కల్లు స్టీలు ఫ్లాస్కులో పోయించుకున్నాను. ఆయన్ను బస్సులో రమ్మని చెప్పి నేను ముందే చండ్రుగొండ చేరాను. గౌడన్నను బతిమాలి ఒక ఖాళీ లొట్టిలో అది పోయించాను. గౌడన్న తమాషా అనుకొని ఒప్పుకున్నాడు. అప్పటికే మండువలో పదిమంది దాకా ఉన్నారు, అందరికీ చెప్పాను. ఆయన వచ్చి కూర్చున్నాడు.

"ఇది కొత్త చెట్టుదే అన్నా, ఈ ఏడే కత్తి పెట్టిన" అని గౌడన్న రేక ఇచ్చాడు.

"ముందు మీరు తాగుర్రి సారూ."

తాగాను. ఏమీ ఎరగనట్టు చెట్ల పైకి చూశాను. ఆయన నన్ను చూశాడు. మామూలు కంటే ఎక్కువసేపు చూశాడు. తర్వాత గుక్క తాగి చెవి పట్టుకున్నాడు.

"ఇది ఈ అడివిది కాదు. తొవ్వ నడిచొచ్చిన కల్లు. నల్లరేగడిది. సారు వాళ్ల అత్తగారి ఊరిది."

మండువంతా ఒక్కసారి గొల్లుమంది. ఎవరో ఈల వేశారు. నా చెవులు కాలిపోయాయి. ఆయన అంతటితో ఆగినా బాగుండేది. అందరి వైపు తిరిగి, "పాపం, నాకు తాపిద్దామని ఇంత దూరం మోసుకొచ్చిండు సారు" అన్నాడు. నేనెందుకు తెచ్చానో పదిమందికీ తెలుసు. ఆయన ఆ మాట అన్నాక ఎవరూ నన్ను చూసి నవ్వలేదు. దెబ్బ కొట్టి ఉంటే ఓర్చుకునేవాణ్ని. కాపాడాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

వానాకాలం చివర్లో ఆయన పోయాడు. గుండె ఆగింది. దినం నాడు వెళ్లాను. ఇంటి ముందు టెంటు కింద ఎక్కడెక్కడి గౌడన్నలో కూర్చున్నారు. కుసుమంచి నుంచి చేపల అవ్వ వచ్చింది. గోదావరి అవతలి నుంచి పెద్దాయన కొడుకు వచ్చాడు. నా దినానికి వీళ్లలో ఎంతమంది వస్తారా అని కూర్చున్నచోటే లెక్క వేసుకున్నాను. చెప్పాను కదా, నా బుద్ధి అట్లాంటిది.

ఆయన ఫోటో ముందు విస్తట్లో అన్నీ వడ్డించారు. వదిన, అంటే ఆయన భార్య, గోంగూర గిన్నె పట్టుకొని నిలబడి ఏడ్చింది. దగ్గరికి వెళ్లాను.

"గోంగూరంటే పాణం సారూ ఆయనకు. ఆ జొరం వచ్చిన కాన్నుంచి దాని రుచే తెల్వకపాయె."

"రుచి తెలియకపోవడమేంది వదినా?"

"మీకు చెప్పలేదా? ముక్కు పోయింది, నాలికె పోయింది. ఉప్పు తెల్వది, కారం తెల్వది. బెల్లం పెట్టినా గడ్డి పెట్టినా ఒకటే. మూడేండ్లు గట్లనే తిన్నడు. కూరల ఉప్పు సరిపోయిందా అంటే నా మొహం చూసి చెప్పెటోడు."

నేను అక్కడే వేళ్ల మీద లెక్క పెట్టాను. మూడేళ్లు. మూడు సీజన్లు. ముందు మీరు తాగుర్రి సారూ.

"మరి కల్లు?" అన్నాను.

వదిన కళ్లు తుడుచుకుంది. ఏడుపులోనే చిన్నగా నవ్వు వచ్చింది ఆమెకు. "మీ మొహం చూసి చెప్తుండె. 'సారు మొహంల అంతా కనబడతది, తీపి ఎంత, పులుపు ఎంత, చెట్టు అలిసిందా లేదా' అనెటోడు. సారుకు చెప్పరాదుండ్రి అంటే వద్దనె. చెప్తే సారు మొహం బిగబట్టుకుంటడు, ఇగ నాకేం కనబడది అనె."

"ఇంకేమన్నాడు?"

ఆమె కొంచెం తటపటాయించింది. "ఏమనుకోకుర్రి. 'సారుకు నా మీద కుళ్లు, గని కల్లుకాడ సారు మొహం అబద్దమాడది' అనెటోడు."

కాబట్టి తెలుసు. అన్నీ తెలుసు ఆయనకు. ఫ్లాస్కు కల్లు తాగిన రోజు ఆయన నోటికి అది మంచినీళ్లతో సమానం. నా మొహంలో దొంగతనం చూశాడు, దాని పక్కనే మా అత్తగారి ఊరి మీది మురిపెం చూశాడు, రెండూ కలిపి పదిమందిలో చెప్పాడు. దానికి పదిమంది ఈల వేశారు. మూడు సీజన్లు చండ్రుగొండ వనంలో ఏ చెట్టుకు కత్తి పెట్టాలో, దేనికి ఆపాలో నిర్ణయించింది నా నాలుక. ఒక్క చెట్టూ చావలేదు. ఆ సంగతి నాకు తెలియదు, ఆయనకు తెలుసు.

సంతోషించాలి కదా. ఇంటికి వచ్చేదాకా అదే చెప్పుకున్నాను. సంతోషం రాలేదు. నా నాలుక అంత మంచిదైతే నా నోటికి ఏడున్నర, ఆరున్నర తప్ప ఒక్క మాటా ఎందుకు రాలేదు? రుచి నా దగ్గర ఉన్నన్నాళ్లూ అది మార్కులే. ఆయన దగ్గరికి పోతేనే మేనమామ అయింది. నాలుక పోయినా ఆయనకు ఇంకేదో మిగిలింది. నాకు నాలుక ఉండీ అది లేదు. ఈ కుళ్లుకు మందు లేదనుకుంటాను.

డిక్కీలో రేక దొరికిన తర్వాతి ఆదివారం ఒక్కణ్నే చండ్రుగొండ వెళ్లాను. సీజను అప్పుడే మొదలైంది. గౌడన్న నన్ను చూసి చాప పరిచాడు. లొట్లు వరసగా తెచ్చి పెట్టాడు. లేత ఆకు కోసి, మడిచి, ముడి వేసి, రెండు చేతులతో నాకు ఇచ్చాడు. మొదటి రేక. దారి పొడుగునా నేను ఒక మాట తయారు చేసుకుంటూ వచ్చాను. మార్కులు కాదు, ఆయన అన్నట్టు అనాలి, మండువ పట్టుకొని పోయేలా ఉండాలి అనుకున్నాను.

మూడు లొట్లు బాగానే ఉన్నాయి. నాలుగోది వాగొడ్డు చెట్టుది, పాత చెట్టు, ఆయనకు ఇష్టమైన చెట్టు. కళ్లు మూసుకున్నాను. కల్లు ముందు తియ్యగానే వచ్చింది. వెనక ఏమీ రాలేదు. ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. చెట్టు అలిసిపోయింది, ఇంకొక్క ఏడు గీస్తే ఉండదు. నాకు స్పష్టంగా తెలిసింది. ఇంత స్పష్టంగా ఏదీ ఎప్పుడూ తెలియలేదు. దానికి మాట కూడా దొరికింది. కళ్లు తెరిచి చెప్పబోయాను.

గౌడన్న అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. వాగొడ్డు చెట్టు దగ్గరికి పోయి, దానికి ఆనించిన మోకు తీసి భుజాన వేసుకుంటున్నాడు.

"దీన్ని ఆపుత సారూ" అన్నాడు.

"నేను ఇంకా ఏం చెప్పలేదు కదా!"

"డ్రైవరన్న పోయిన ఏడే చెప్పిండు సారూ. 'నేను లేకుంటే మొదటి రేక సారుకు పొయ్యి. నోటితోని ఏం చెప్పినా ఇనకు, మొహం చూడు' అన్నడు."

మోకుతో అతను పక్క చెట్టు వైపు పోయాడు. నేను తయారు చేసుకున్న మాట నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఇక్కడ కూడా రాయను, ఎవరికి కావాలి? రేక మడిచి డిక్కీలో, ఆయన రేక పక్కన పెట్టాను. ఆయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. కోపం ఒక్కటే కాదని నాకు తెలుస్తూనే ఉంది. అది ఇంకేమిటో నా మొహం మీద ఉండే ఉంటుంది, చూసి చెప్పడానికి ఆయన లేడు.